పెట్టె దించేదాకా డ్రమ్స్ రాకూడదు

నాకు అభిప్రాయాలెక్కువ. మా అమ్మ దాన్ని నోరెక్కువ అంటుంది. పగలంతా విజయవాడలో ఒక ఆసుపత్రిలో జనం చెవులు పరీక్షిస్తాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, "కూత వినపడగానే చెయ్యెత్తండి" అంటాను. ఇంటికొచ్చాక పాటల పని పడతాను. కొత్తగా వచ్చిన ఆల్బమ్ ఏదైనా మొదటి నుంచి చివరిదాకా విని, ఏది బాగుందో ఏది చెత్తో ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగులో చెబుతాను. నా పేజీ పేరు 'రఫ్‌నోట్సు'. పద్నాలుగు వేల మంది చూస్తారు. సింధూరి మొహమాటానికి పొగడదు, అబద్ధం చెప్పదు అని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం నిజమే, ఒక్క ఆల్బమ్ విషయంలో తప్ప.

నేను వినేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి ఇండీ. పెద్ద కంపెనీల చెయ్యి పడకుండా నలుగురు స్నేహితులు కారు షెడ్డులోనో పడగ్గదిలోనో సొంతంగా చేసుకునే సంగీతం. ఇంట్లో పెట్టిన ఆవకాయలాంటిది. ఒక్కో ఇంటిది ఒక్కో రుచి, కొన్ని ఇళ్లది బూజు కూడా పడుతుంది. రెండోది ఎమో. గుండెల్లో బాధను మర్యాద కోసం దాచుకోకుండా గిటార్ పెట్టి అరిచి చెప్పేది. మూడోది సింథ్ పాప్. కీబోర్డు, మెషిన్ డ్రమ్స్. మాటలు వింటే ఏడుపొస్తుంది, కాళ్లు మాత్రం ఊరుకోవు. నా ప్రాణం ఈ మూడోదే. ఎమో పాడేవాళ్లలో సగం మందికి ఒక పూట పప్పూ నెయ్యీ వేసి అన్నం పెడితే ఆ ఆల్బమ్‌లు పుట్టేవే కావని నా అభిప్రాయం. ఆ మాట పేజీలో అన్నందుకు మూడొందల మంది తిట్టారు. నేను వెనక్కి తీసుకోలేదు.

మార్కులు వేసే పద్ధతి మా ఇంటర్ కాలేజీది. మళ్లీ వినాలనిపించిన పాటకు నాలుగు. విసిగించిన పాటకు మైనస్ ఒకటి. ఏమీ అనిపించని పాటకు సున్నా, రాయకుండా వదిలేసిన ప్రశ్నకు వేసినట్టు. విజయవాడలో ఇంటర్ చదివినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

పోయిన నవంబరులో ఒక సాయంత్రం రూతు ఫోన్ చేసింది. రూతుది మైలవరం. ఇంటర్‌లో నా స్నేహితురాలు, ఇప్పుడు వ్యవసాయ శాఖలో పనిచేస్తోంది.

"సింధూ, నా పెళ్లే! ఇరవై రెండు, శనివారం, మా చర్చిలోనే. సురేష్ అని, మా ఆఫీసతనే. నువ్వూ ఆఫ్రీనూ ముందురోజే దిగిపోవాలి. రాకపోతే చంపేస్తా."

"ఎందుకు రామే! పెళ్లికి ఏం కావాలో చెప్పు."

"ఒకటే కావాలి. ఆ ఆల్బమ్ తీసుకురా. 'లైట్స్ ఆన్ ద లాస్ట్ బస్'. ఎనిమిదేళ్ల నుంచీ నెట్‌లో వెతుకుతున్నా, ఎక్కడా దొరకట్లా. నువ్వు విన్నావు కాబట్టి నీ దగ్గర ఎక్కడో ఉండే ఉంటది. పెళ్లి భోజనాలప్పుడు అందులో నాలుగో పాట వెయ్యాలి. ఇన్నేళ్లూ నువ్వు చెప్పగా వినడమేగా, నిజంగా వినడం అదే మొదటిసారి అవుద్ది."

ఆ ఆల్బమ్ లేదు. ఎప్పుడూ లేదు. దాన్ని నేనే అల్లాను.

ఎందుకు అల్లానో చెప్పాలి. మా కాలేజీలో హాస్టల్ పిల్లలకు ఫోన్ ఉండకూడదు. ఆదివారం వార్డెన్ మేడం ఫోన్‌లో ఇంటికి పది నిమిషాలు మాట్లాడుకోవడమే. నేను ఇంటి నుంచి వచ్చిపోయేదాన్ని. సాయంత్రం మా నాన్న వెంకటసుబ్బారావు గారి ఫోన్ తీసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫిజిక్స్ పాఠం వింటున్నట్టు మొహం పెట్టి ఆల్బమ్‌లు వినేదాన్ని. మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ మెట్ల కింద కూర్చుని ఆ ఆల్బమ్ హాస్టల్లో ఉండే రూతుకూ ఆఫ్రీన్‌కూ చెప్పేదాన్ని. అవును, చెప్పడమే. పాట మొదలు ఎలా ఉందో, ఎక్కడ గొంతు వణికిందో, ఎక్కడ గిటార్ ఆగి కీబోర్డు అందుకుందో. ట్యూన్ కూనిరాగం తీసేదాన్ని. డ్రమ్స్ క్యారియర్ మూత మీద వాయించేదాన్ని.

వాళ్లిద్దరూ ఒక్క పాటా వినలేదు. అభిప్రాయాలు మాత్రం నాకంటే గట్టివి. బందరు నుంచి వచ్చిన ఆఫ్రీన్‌కు ఇండీ అంటే మంట. "రికార్డింగ్ చేసేటప్పుడు వెనకాల కుక్క మొరిగింది, తలుపు కిర్రుమంది, అదేమంటే సహజంగా ఉందంటారు. సరిగ్గా చెయ్యటం రాక పెట్టుకున్న పేరే ఇండీ" అనేది. రూతుకు ఎమో అంటే పిచ్చి. ఒక ఎమో ఆల్బమ్‌కు నేను పది పాటలకు గాను పద్నాలుగు మార్కులు వేశానని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. వినని ఆల్బమ్ కోసం అలిగినవాళ్లు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

రెండో సంవత్సరం డిసెంబరులో రూతును కింది సెక్షన్‌లో వేశారు. మా దగ్గర వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. అన్నం కూడా సరిగ్గా తినడం మానేసింది. ఒక శుక్రవారం మెట్ల కింద కూర్చుని, కంచంలో వేలితో గీతలు గీస్తూ అంది:

"పెట్టె సర్దేశానే. వచ్చే ఆదివారం కాక, ఆపై ఆదివారం నాన్న వస్తాడు. ఆయనతో వెళ్లిపోతా. మళ్లీ రాను."

అప్పుడు చెయ్యాల్సింది నచ్చచెప్పడం. నాకు అది చేతకాదు. నాకొచ్చింది ఆల్బమ్ చెప్పడం ఒక్కటే. చూడబోతే చెప్పడానికి ఆల్బమ్ లేదు. మార్కులు తగ్గాయని నాన్న ఫోన్ తీసేసుకుని అప్పటికి వారమైంది, ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. కారిడార్‌లో మంటలార్పే ఇసుక బకెట్లు మూడు ఎర్రగా వేలాడుతున్నాయి. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అలాగే పోదువుగానిలే. ముందు ఇది విను. 'త్రీ రెడ్ బకెట్స్' అని ముగ్గురమ్మాయిల బ్యాండ్. ఎక్కడో మంచు పడే దేశం. ఇండీ బ్యాండే కానీ చేసేది సింథ్ పాప్, మనసేమో ఎమో. అంటే మన ముగ్గురికీ పనికొచ్చేది. ఆల్బమ్ పేరు 'లైట్స్ ఆన్ ద లాస్ట్ బస్'. తొమ్మిది పాటలు. రోజుకొకటే వినాలంట, అలా అయితేనే ఎక్కుద్దంట. నిన్న మొదటిది విన్నా."

రూతు గీతలు గీయడం ఆపింది. "రోజుకొకటా? ఎవరన్నారు?"

"వాళ్లే. అట్ట మీద రాశారు."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నేను జిగురు బాగా పూశాను. శుక్రవారం ఒకటో పాట, శనివారం రెండోది, సోమవారం మూడోది చెప్పాను. నా చేతికి దొరికినదల్లా ఆ మంచు దేశంలోకి ఎక్కించాను. ఆరో పాటలో నది మీద డెబ్బై గేట్ల వంతెన ఉంటుంది. గేట్లన్నీ ఎత్తిన రోజు ఊరు ఊరంతా చూడటానికి వస్తుంది. అది మన ప్రకాశం బ్యారేజీయే అని రూతుకు తట్టలేదు.

నాలుగో పాట పేరు 'ప్లాట్‌ఫాం టెన్'. ఒకమ్మాయి పెట్టె పట్టుకుని పదో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. బండ్లు వస్తాయి, పోతాయి, ఆమె ఎక్కదు. ఎందుకెక్కడం లేదో ఆమెకే తెలియదు. చివరికి చెయ్యి నొప్పి పుట్టి పెట్టె కింద దించుతుంది. దాని మీదే కూర్చుని టీ తాగుతుంది. అంతే పాట. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటుకు ముందు మోగే గంటను మెల్లగా సాగదీసి ట్యూన్ కట్టాను. పాట సగం దాకా డ్రమ్స్ ఉండవు, పెట్టె నేలకు తగిలిన చప్పుడే మొదటి దెబ్బ. ఆ దెబ్బ క్యారియర్ మూత మీద కొట్టినప్పుడు రూతు ఏడ్చింది. ఆ రోజు అన్నం మొత్తం తింది.

ఆ పై శనివారానికి ఎనిమిది పాటలయ్యాయి. తొమ్మిదోది నేను కావాలనే మిగిల్చాను. ఆదివారం వాళ్ల నాన్న శౌరయ్య గారు పెట్టె తీసుకెళ్లడానికి మైలవరం నుంచి వచ్చారు. సోమవారం ఉదయం నేను గేటు దగ్గరే నిలబడి కళ్లు కాయలు కాచేలా చూశాను. పది నిమిషాల తర్వాత రూతు రెండు జడలూ ఊపుకుంటూ క్లాసులోంచి బయటికొచ్చింది.

"వెళ్లలేదా?" అన్నాను.

"సోమవారం ఒక పనుంది నాన్నా, పై వారం రా అన్నా. తొమ్మిదోది చెప్పు."

పై వారం ఆయన వచ్చే సరికి ఆ సంగతే మర్చిపోయింది. పరీక్షలన్నీ రాసింది. మంచి ర్యాంకు కాదు గాని, ఆమెకు కావలసిన అగ్రికల్చర్ సీటుకు సరిపోయింది. ఆ ఆల్బమ్‌కు రూతు వేసిన మార్కులు ముప్పై ఆరుకు ముప్పై ఆరు. ఆఫ్రీన్ పంతొమ్మిదే వేసింది. డెబ్బై గేట్ల పాటకు మైనస్ ఒకటి.

ఇన్నేళ్లలో నిజం చెబుదామని నాలుగైదుసార్లు అనుకున్నాను. ప్రతిసారీ ఆమె ఆ పాట గురించి మాట్లాడే తీరు చూసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో అవే.

పెళ్లికి ముందురోజు పొద్దున నేనూ ఆఫ్రీనూ బస్టాండ్‌లో మైలవరం బస్సెక్కాం. ఆఫ్రీన్ ఇప్పుడు వస్త్రలత బట్టల మార్కెట్లో వాళ్ల మామయ్య గారి చీరల షాపు చూసుకుంటోంది. రూతుకు తెచ్చిన చీరల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గొల్లపూడి దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత మొత్తం కక్కేశాను.

ఆఫ్రీన్ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "నాకు తెలుసులేవే."

"ఏం తెలుసు?"

"పరీక్షలయ్యాక మా నాన్నతో బ్యారేజీ మీద పోతుంటే గేట్లు లెక్కెడదామనిపించింది. డెబ్బై. మంచు పడే దేశంలో కూడా సరిగ్గా డెబ్బయ్యేనా అనుకున్నా."

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఎందుకడగాలి? తొమ్మిదో పాట బాగుంది." తర్వాత నా వైపు తిరిగి, షాపులో ఖరీదు ఖాయం చేసే గొంతుతో అంది: "చూడు సింధూ, రేపు దాని పెళ్లి. ఇప్పుడు ఈ నిజం దానికెందుకు? పాత ఫోన్‌తో పాటే పోయిందని చెప్పు. ఒక్క నిమిషం బాధపడుద్ది, అయిపోద్ది. నిజం చెబితే ఆ పాటే లేకుండా పోద్ది. అది ఎనిమిదేళ్లు దాచుకున్న వస్తువు, నీ మనశ్శాంతి కోసం లాక్కోమాకు."

ఆఫ్రీన్ చెప్పింది న్యాయంగానే ఉంది. కొండపల్లి వచ్చేసరికి ఒప్పేసుకున్నాను. ఫోన్ పోయింది, పాట పోయింది. నాలుగుసార్లు లోలోపల వల్లె వేశాను.

చర్చి పక్క హాల్లో పెళ్లి పాటల ప్రాక్టీసు జరుగుతోంది. రూతు చేతుల నిండా గోరింటాకుతో ఎదురొచ్చి, చేతులు గాల్లోనే పెట్టి మోచేతులతో మమ్మల్ని కావలించుకుంది. వాళ్లమ్మ బుల్లెమ్మ గారు టీ గ్లాసులు తెచ్చి, "మీరిద్దరూ లేకపోతే ఇది ఇంటర్ గట్టెక్కేది కాదమ్మా" అన్నారు. నేను గ్లాసు పక్కన పెట్టేశాను.

"తెచ్చావా?" అంది రూతు.

"పాత ఫోన్ పోయిందే. దాంతో పాటే..." పేజీలో వేలమంది ముందు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే నేను, ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను.

రూతు మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. వెంటనే వెలిగింది. "నువ్వు తేలేవని అనుకున్నాలే! ప్రపంచంలోనే దొరకని దాన్ని నువ్వెక్కడ తెస్తావు? అందుకే నేనే ఏర్పాటు చేశా. యేసుబాబూ, మొదలెట్టు!"

యేసుబాబు రూతు తమ్ముడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "సింధూరక్కా, మీ పేజీ రోజూ చూస్తానండీ. మార్కులు కొంచెం చూసి వెయ్యండి. అక్క కూనిరాగం తీస్తే పట్టుకుని కట్టుకున్నాం. మాటలు అక్కే తెలుగులో రాసింది. అసలుది వినలేదు కాబట్టి తప్పులుంటాయి."

అసలుది అన్నాడు. నేను ఆఫ్రీన్ వైపు చూశాను. ఆఫ్రీన్ టీ గ్లాసు వైపు చూసింది.

యేసుబాబు మీట నొక్కాడు. మూడు స్వరాలు, మెల్లగా. స్టేషన్ గంట. ఎనిమిదేళ్ల కిందట మెట్ల కింద నా ముక్కులోంచి వచ్చిన రాగం, ఇప్పుడు రెండు పెద్ద స్పీకర్లలోంచి హాలంతా నిండింది. రూతు మైకు ముందు నిలబడి, గోరింటాకు చేతులు వెనక్కి పెట్టుకుని పాడింది.

*పదో నంబరు ప్లాట్‌ఫారం మీద*
*పెట్టె పట్టుకు నిలుచున్నాను*
*వచ్చే బండి నాది కాదు*
*పోయే బండి నాది కాదు*

రూతుకు ఇంత గొంతుందని నాకు తెలియదు. నేను ఊహించిన అమ్మాయి గొంతు సన్నగా, దూరంగా ఉండేది. రూతుది నిండుగా, దగ్గరగా, కొంచెం బొంగురుగా ఉంది. నా ఊహ కంటే వందరెట్లు బాగుంది. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుంటూ ఉండగానే యేసుబాబు మెషిన్ డ్రమ్స్ మొదలెట్టేశాడు. రెండో చరణం మొదటి మాట దగ్గరే. దబదబదబ, బారాత్‌లో కొట్టినట్టు.

నా కోపం సంగతి నాకు తెలుసు. సాయంత్రాలు ఒంటరిగా పాట వింటూ కూడా "అక్కడ కాదురా!" అని గోడ మీద అరుస్తాను. నోరు మూసుకో అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక లైను ఓర్చుకున్నాను. రెండో లైనుకు లేచి నిలబడి ఉన్నాను.

"ఆపు! ఆపు యేసుబాబూ! పెట్టె దించేదాకా డ్రమ్స్ రాకూడదు!"

పాట ఆగింది. వెనక వరుసలో పాడే అమ్మాయిలు నలుగురూ నోళ్లు తెరిచి చూశారు.

"ఇప్పటిదాకా ఆ పిల్ల ఏమీ తేల్చుకోలేదు కదా," అన్నాను, చేతులు ఊపేస్తూ. "కాలు కూడా కదపలేదు. అప్పుడే డ్రమ్స్ ఎందుకు? పెట్టె బరువు చేతిలో ఉన్నంతసేపూ ఆ గంట ఒక్కటే మోగాలి. విసుగు పుట్టాలి వినేవాళ్లకి. 'దించాను' అన్నప్పుడు ఒక్క దెబ్బ. ఒక్కటే. అదే పాట మొత్తం!"

"ఒరిజినల్లో అలా ఉందా అక్కా? వింటే పట్టేస్తానండీ. ఎక్కడన్నా చిన్న ముక్క దొరికినా..."

"ఒరిజినల్ లేదు."

"మరి మీకెలా తెలుసు?"

"నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? అది నేనే చేశాను కాబట్టి!"

అన్నాక నాకే వినపడింది. చేతులు ఊపుతూ ఊపుతూ మైకు పక్కకే వచ్చేశాను, అది ఆన్‌లో ఉంది. నా మాట స్పీకర్లలోంచి తిరిగొచ్చి నా మొహానికే కొట్టింది. ఆఫ్రీన్ నుదురు కొట్టుకుంది.

రూతు మైకు ముందు నుంచి కదిలి బయట వరండాలోకి వెళ్లింది. అక్కడ స్పీకర్లు తెచ్చిన ఖాళీ చెక్కపెట్టె ఉంటే దాని మీద కూర్చుంది. నేను తేలు కుట్టిన దొంగలా వెనకే వెళ్లి నిలబడ్డాను. నా స్నేహితురాలిని పెళ్లి ముందురోజు ఏడిపించాను, ఆమెకున్న ఒక్క పాటనూ లాగేసుకున్నాను అనుకున్నాను. ఎండ ఆమె చేతుల మీద పడుతోంది. గోరింటాకు అంచుల్లో ఎండుతోంది, వేళ్ల మీద ఇంకా తడిగానే ఉంది.

"తొమ్మిదీనా?" అంది, నా వైపు చూడకుండా.

"తొమ్మిదీ."

"ఆ ముగ్గురమ్మాయిలు? ఒకావిడకి చలి పడక దగ్గొచ్చేది కదా?"

"లేరు. కారిడార్‌లో ఇసుక బకెట్లు మూడు ఉండేవి కదే, అవి."

"అట్ట మీద రోజుకొకటే వినాలని రాసింది?"

"రాయలేదు. తొమ్మిది పాటలు రోజుకొకటి చెబితే, మీ నాన్న వచ్చే ఆదివారం దాటుద్ది. అందుకని. నువ్వు పెట్టె సర్దావు కదే. ఏం చెప్పి ఆపాలో నాకు తెలియలా. చెప్పడానికి ఆల్బమ్ లేదు, ఫోన్ లేదు. నువ్వు పోతావని భయమేసింది. తప్పే. ఎనిమిదేళ్లు దాచడం ఇంకా తప్పు. తిట్టు."

హాల్లో ఎవరో గ్లాసులు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"ఇంకెవరికన్నా చెప్పావా ఆ పాటలు?"

"ఎవరికీ చెప్పలా."

"నీ పేజీలో?"

"ఛ! లేదే. నీకూ ఆఫ్రీన్‌కీ తప్ప ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు."

అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లున్నాయి, కానీ ఆ మొహం ఏడుపు మొహం కాదు. "నేనెంత కుళ్లుకున్నానో తెలుసా నీకు? ఆ దేశంలో ఆ పాట రోజూ వినేవాళ్లుంటారని. వాళ్లు బస్సులో వింటారు, వంట చేసుకుంటా వింటారు, నాకేమో ఒక్క ముక్కా దొరకదు. నా పాట లోకంలో అందరి దగ్గరా ఉంది, నా దగ్గరే లేదు అని ఏడ్చానే. ఇప్పుడేమో... అది నాదొక్కదానిదేనా?"

"నీదొక్కదానిదే."

"నాకోసమే చేశావా?"

నేను తల ఊపాను. రూతు గోరింటాకు సంగతి మర్చిపోయి రెండు చేతులతో నన్ను లాక్కుని గట్టిగా పట్టుకుంది. నా తెల్ల కుర్తా వీపు మీద పది వేళ్లూ పడ్డాయి. ఆ కుర్తా ఇంకా నా దగ్గరే ఉంది, ఉతకలేదు, ఉతకను.

లోపలికి వస్తూనే రూతు హాలంతా వినపడేలా అంది: "యేసుబాబూ, ఈవిడ చెప్పినట్టే కొట్టు. పెట్టె దించేదాకా డ్రమ్స్ వద్దు. పాట చేసిన మనిషే వచ్చి చెప్తుంటే ఇంకేం కావాలి?"

యేసుబాబు నన్ను చూసిన చూపు చెప్పలేను. ఆఫ్రీన్ నా చెవి దగ్గర గొణిగింది. "నేను చెప్పింది ఒక్కటన్నా వింటావా నువ్వు?"

"ఎప్పుడైనా విన్నానా?"

"డెబ్బై గేట్ల పాటకి మైనస్ ఒకటి మాత్రం తియ్యను."

ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు ప్రాక్టీసు చేయించాను. మూడోసారి యేసుబాబు చేతులు జోడించాడు. అయినా వదల్లేదు. ఒక్క దెబ్బే కదా అంటాడు. ఆ ఒక్క దెబ్బకే అందరం ఎదురుచూడాలి అన్నాను.

మర్నాడు పెళ్లయింది. తెల్లచీరలో రూతు, పక్కన సురేష్, వాళ్ల వెనక మైలవరం సగం. భోజనాలు వడ్డిస్తుండగా గంట మోగింది, మెల్లగా. జనం ముందు పట్టించుకోలేదు. రూతు మైకు తీసుకుంది. గోంగూర వడ్డించే చేతులు నెమ్మదించాయి. ఒక చరణం గడిచినా డ్రమ్స్ రాకపోయేసరికి ఎవరో పెద్దాయన, "కరెంటు పోయిందా ఏంటి?" అన్నాడు. నాకు అంతకంటే పెద్ద పొగడ్త అక్కర్లేదు.

*చెయ్యి నొప్పి పుట్టాక*
*పెట్టె కింద దించాను*

ఒక్క దెబ్బ పడింది. దాని వెనకే మిగతావన్నీ వచ్చాయి, కీబోర్డు, డ్రమ్స్, వెనక నలుగురమ్మాయిల గొంతులు. ముందు చిన్నపిల్లలు లేచారు, తర్వాత సురేష్ స్నేహితులు, తర్వాత కొంగు నడుముకు దోపుకుని బుల్లెమ్మ గారు. శౌరయ్య గారు మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. పాటలో పెట్టె ఏదో ఆయనకు అప్పుడు అర్థమైందని నేననుకున్నాను. పాట అయ్యేసరికి కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు.

రూతు మెళ్లో దండతోనే వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. చెమటలు కారుతున్నాయి. ఎదురుగా ఆఫ్రీన్ స్వీటు తింటోంది.

"మార్కులు చెప్పనా?" అంది రూతు. "ముప్పై ఆరుకి ముప్పై అయిదు. అబద్ధానికి ఒకటి కోశా."

"న్యాయమే," అన్నాను.

"మిగతా ఎనిమిదీ గుర్తున్నాయా?"

గుర్తుండకేం. పాఠాలన్నీ మర్చిపోయాను గాని అవి మర్చిపోలేదు. నేను తల ఊపగానే రూతు వెనక్కి తిరిగి తమ్ముణ్ని కేకేసింది. "ఒరేయ్, పెన్నూ కాగితం పట్టుకురా!" తర్వాత నా విస్తరి పక్కకు జరిపి, వడ్డించే గిన్నె మీది స్టీలు మూత తీసి నా ముందు బోర్లించింది.

"ఒకటో పాట చెప్పు."

నేను చేతులు తుడుచుకుని, మూత మీద మెల్లగా వాయించడం మొదలుపెట్టాను.